లొట్టపీసు దడి నాటిన పోశవ్వ

మొన్న ఉదయం సిరిసిల్ల నుంచి పోశవ్వ బిడ్డ ఫోన్ చేసి, "సార్, అవ్వ పోయింది" అన్నది. దేన్నీ ఒక పట్టాన నమ్మని మనిషి మరణాన్ని నమ్మడం నాకు సాధ్యం కాలేదు.

కోరుట్ల దగ్గరి మా బడిలో ఆమె పన్నెండేళ్లు తోటపని చేసింది. నేను జీవశాస్త్రం చెప్పేవాణ్ణి. సంశయం ఆమె సహజగుణం. మల్లె అని కొనితెచ్చిన మొక్కను పూత పూసేదాకా మల్లె అనేది కాదు. "మనుషులు వంద చెప్తరు సార్, చెట్టు చెప్పినంక నమ్ముత" అనేది.

తోటలో మేకలు పడుతున్నాయని చెరువు శిఖం తడినేలలోంచి లొట్టపీసు కట్టెలు నరికి తెచ్చి చుట్టూ నాటింది. చిత్తడిలో పెరిగే ఆ పొద ఏడాది తిరిగేసరికి లేత ఊదారంగు పూలతో తోటకు శోభ తెచ్చింది. దాని ఆకు విషమని నేను వారించాను.

"ఎరికే సార్. మేక వాసన చూసి మర్లిపోతది. అయినా నేను రోజు చూస్త."

నిజంగానే కొరికిన ఆకు కోసం రోజూ దడి వెంట వెతికేది.

ఒక ఎండాకాలం మేకల ఎల్లయ్యవి నాలుగు మేకలు ఒకే పూట చచ్చిపోయాయి. అంతకు వారం ముందే ఆమెకూ అతనికీ కొట్లాట అయింది. "గామెనే ఆకు కోసి ఏసింది" అని అతను బడి ముందు నిలబడి అన్నాడు. ఊరు నమ్మింది. పశువుల డాక్టరు మేక కడుపులోని మేతను పరీక్షకు పంపాడు. ఫలితం వచ్చేదాకా పది రోజులూ ఆమెను ఎవరూ పలకరించలేదు. నేనూ ఒక సాయంత్రం చాటుగా వెళ్లి, కత్తితో కోసిన కొమ్మలున్నాయేమోనని దడి అంతా చూశాను. తిరిగి చూస్తే వెనకే పోశవ్వ.

"కోసినట్టు కనవడ్డదా సార్?"

నేను బడి వైపు నడిచాను.

పురుగుమందు కొట్టిన మక్కచేను మేసి చచ్చాయని ఫలితం వచ్చింది. ఎల్లయ్య వచ్చి, "తప్పయింది అక్కా" అన్నాడు. ఆమె ఎవరినీ దెప్పలేదు. గడ్డపార తెచ్చి బాట వైపు దడిని పెకిలించసాగింది.

"నీ తప్పు లేదని తేలింది గదా, ఎందుకు పీకుతున్నవ్?" అన్నాను.

"నాది లేదని తేలింది. చెట్టుది లేదని తేలలే. ఎండలు ముదిరి మేత దొరకకుంటె మేకలు గీ ఆకు గూడ మరుగుతయి సార్."

బాట వైపు గోరింట నాటింది. మేకలు చేరలేని గోడ వెనుక, నీటిగుంట చుట్టూ మాత్రం లొట్టపీసును ఉంచింది.

ఊరి అనుమానాన్ని మన్నించి, తన పని మీద తన అనుమానాన్ని కడదాకా విడువని అటువంటి ధర్మబుద్ధిని నేను మరెక్కడా చూడలేదు, ఇక చూడబోను. చదువురాని ఎల్లయ్య అన్న ఆ రెండు మాటలు, పక్కనే ఇన్నేళ్లు పనిచేసి కూడా నా నోట రాలేదు. తప్పయింది పోశవ్వా. వినడానికి నువ్వు లేవు.