సోంబరు తాత తరగని అంబలి

సంతస్థలంలో ఎవరు గొయ్యి తవ్వినా సరే, అందులో దిగి కూర్చుని అంబలి తాగడం సోంబరు తాతకున్న ఒకే ఒక్క జబ్బు.

మన్యంలో పితూరీ అణిగిన మరుసటేడు గణపతిరావుగారి కొట్లో గుమస్తాగా నేను చింతపల్లి వచ్చాను. సంత మధ్యన ఒక పెద్ద గడ్డిపాక ఉండేది. ఎవరిదీ కాదు, అందరిదీ. పై కొండల నుంచి చింతపండూ పసుపూ మోసుకుని ముందురోజే దిగే ఆడవాళ్లు ఆ చలిలో తలదాచుకునేది అందులోనే. మా షావుకారుగారి కన్ను సరిగ్గా దానిమీదే పడింది. చుట్టూ కంచె కట్టేస్తే గోదాము అయిపోతుందని ఆయన ఎత్తు.

కూలీలు మొదటి గుంజకి గొయ్యి తవ్వి, గుంజ తేవడానికి నాతో వచ్చారు. తిరిగొచ్చి చూద్దుము కదా, గోతిలోంచి ఒక తల! పాతిపెట్టిన మనిషి లేచాడనుకుని నేను రెండడుగులు వెనక్కి గెంతాను.

"ఏటి తాతా, ఇక్కడేటి సేత్తన్నావు?" అన్నాడు కూలి మంగ్లు.

"అంబలి తాగతన్నాను. కనబళ్లేదేటి?" అని తాత అంబలి నింపిన ఆనపకాయ బుర్ర ఎత్తి ఒక్క చుక్క నాలుక మీద వేసుకున్నాడు.

షావుకారుగారు లేపమని అరిచారు. మంగ్లు చెంపలు వేసుకున్నాడు.

"తింటన్నోణ్ని లేపకూడదు బాబూ. మా కొండల్లో అది సానా సెడ్డ పాపం."

"అయితే బేగి తాగమను!"

"కాలతాంది బాబూ," అన్నాడు తాత. అక్కడ చలికి నా పళ్లు టకటకలాడుతున్నాయి!

పొద్దు గుంకినా ఆ అంబలి అవలేదు. మర్నాడు ఇంకోచోట తవ్విస్తే అందులోనూ తాతే. షావుకారుగారు ఉపాయం పన్ని ఒకేసారి రెండు గోతులు తీయించారు. ఒకదాంట్లో తాత. రెండోదాంట్లో తాత పెళ్లాం సోములమ్మ, ఇంకో బుర్రతో!

"నాకూ ఆకలేత్తాది కదా బాబూ," అందావిడ.

ముసలాళ్లిద్దరికీ మతి లేదని తేల్చేశాం.

ఒక సాయంత్రం గాలివాన మా కొట్టు కప్పు ఎగరేసుకుపోయింది. తడిసి ముద్దయి ఆ పాకలోకే పరిగెత్తాం. లోపల కొండ ఆడవాళ్లు, నెగడు, నెగడు పక్కన సోంబరు తాత. తరిమేస్తాడని షావుకారుగారు నా వెనక నక్కారు. తాత లేచి తన చోటు చూపించాడు.

"ఇక్కడ కూకోండి బాబూ, ఎచ్చగుంటాది."

"నీ పాక లాక్కోబోయాను కదయ్యా!"

"నా పాకేటి? అందరిదీని. తమరు అందరిలో లేరేటి? తమరి కోసరం కూడానే నాను గోతిలో కూకున్నాను."

ఆ మాటకి షావుకారుగారు నా వెనకనుంచి బయటికొచ్చి తాత చూపించిన చోట కూర్చున్నారు. నిజం చెప్పొద్దూ, నాకు కళ్లు చెమర్చాయి. తాత మాత్రం ఆయనకి అంబలి పోస్తూ కూర్చున్నాడు.

నెల తిరక్కుండా ఘాట్‌రోడ్డు కంట్రాక్టరు ఒకడు తన సామానుకని అదే పాక చుట్టూ గోతులు తీయించాడు. కబురు విని పరిగెత్తాను. గోతిలోంచి ఒక తల. తలమీద జరీపాగా, చేతిలో తాత ఆనపబుర్ర! మా షావుకారుగారు!

"తింటున్నవాణ్ణి లేపకూడదయ్యా! మహాపాపం!" అని కంట్రాక్టరు మీద గర్జిస్తున్నారు. కూలీలు గునపాలు కింద పెట్టేశారు. కంట్రాక్టరు తిట్టుకుంటూ పోయాడు.

షావుకారుగారు లేవబోయారు. ఆ బొజ్జ గోతిలో ఇరుక్కుపోయింది! తాతా నేనూ చెరో చెయ్యీ పట్టి లాగాం. ఆయన ఊడిరాగానే తాత గోతిలోంచి ఆనపబుర్ర అందుకుని, లోపలికి తొంగిచూసి, గుండె బాదుకున్నాడు.

"ఓలమ్మో, ఒక్కపాలే అంతా తాగీసినారేటి బాబూ! ఇలాగైతే మన పాక నిలబడతాదేటి?"