అరటికాయలు పండిపోయే ఇల్లు

1981 జనవరి. న్యూజెర్సీలో ఐసెలిన్‌కి దగ్గర్లో ఉన్న ఒక గ్రీన్‌హౌస్‌లో ఇంటి మొక్కల విభాగం నాది. అమ్మడం సగం పని, మిగతా సగం వైద్యం. చలికాలం వచ్చిందంటే చాలు, తలుపు తోసుకుని వచ్చిన వాళ్లందరిదీ ఒకటే గోల: "కింది ఆకులు పసుపు పడి రాలిపోతున్నాయి, ఎందుకు?"

జవాబులు నా నాలుక చివరే ఉండేవి. మొదటిది ఓవర్‌వాటరింగ్, అంటే మొక్కని ప్రేమతో ముంచి చంపడం. తడి ఆరని మట్టిలో వేళ్లు కుళ్లిపోతాయి. రెండోది వెలుగు చాలకపోవడం. కుండీ ఇరుకై వేళ్లు చుట్టలు చుట్టుకుంటే రూట్‌బౌండ్ అంటాం, అది ఇంకోటి. ఆకలేసినా అంతే, ముసలి ఆకుల్లో సారం లాగి చిగురుకి పెట్టుకుంటుంది మొక్క. కష్టం ఏదైనా ముందు పోయేది కింది ఆకులే. కుండీ ఎత్తి చూస్తే మొక్క జాతకం చెప్పేస్తానని గొప్పలు పోయేదాన్ని.

ఒక మధ్యాహ్నం ఎస్తేరు వచ్చింది. గుంటూరు అమ్మాయి, అంతకుముందు వేసవిలో మట్టి కొనడానికి వచ్చి నాతో తెలుగు కలిపింది. ఆ రోజు చంకలో పాపని ఎత్తుకున్నట్టు, దుప్పట్లో చుట్టిన కుండీని ఎత్తుకొచ్చింది. అంబ్రెల్లా ప్లాంట్. గొడుగు ఊచల్లా ఆకులు విచ్చుకునే మొక్క.

"పాప పుట్టినప్పుడు మా చర్చివాళ్లు గిఫ్ట్ ఇచ్చారక్కా. ఇది చచ్చిపోతే నా మనసుకి ఏదోలా ఉంటుంది. ఎలాగైనా సేవ్ చెయ్యండి."

కింద సగం కాండం బోడిగా ఉంది. మిగిలిన ఆకుల్లో ఒకదాన్ని ముట్టుకోగానే ఊడి చేతిలోకి వచ్చింది. కుండీలోంచి మొక్కని బయటికి తీసి చూశాను. వేళ్లు తెల్లగా, గట్టిగా, మల్లెమొగ్గల్లా ఉన్నాయి. మట్టిలో తడి ఎంతుండాలో అంతే ఉంది. ఎండ తగిలే కిటికీ పక్కనే పెట్టానంది. పురుగు లేదు, తెగులు లేదు. నా జాతకాలేవీ పారలేదు. ఒళ్లు మండింది కూడాను.

"ఇంట్లో మిగతా మొక్కలో?"

"అన్నీ ఇంతేనక్కా. నాకూ బాగుండట్లేదు, ఒకటే హెడేక్. సండే చర్చికెళ్తే ప్రేయర్‌లో తగ్గిపోతుంది, ఇంటికి రాగానే మళ్లీ స్టార్ట్. మిమ్మల్ని బజ్జీలకి పిలుద్దామనుకున్నా. స్పానిష్ వాళ్ల షాపులో పచ్చి అరటికాయలు తెస్తే, రెండ్రోజులకే పండి మెత్తబడిపోతున్నాయి. ఆ ఇంట్లో ఏదీ పచ్చగా ఉండదేమో!"

అని నవ్వింది. నేను నవ్వలేకపోయాను.

మా నాన్నది గోదావరి ఒడ్డున అరటి గెలల వ్యాపారం. పచ్చి గెలల్ని ఒక గదిలో పేర్చి, కుండలో ఊక రాజేసి పొగ పెట్టి, తలుపు సందులకి మట్టి మెత్తేవారు. తెరిచేసరికి గది నిండా పసుపే. పొగలో ఇథిలీన్ అనే వాయువు ఉంటుందనీ, కాయని పండించేదీ ఆకుని రాల్చేదీ అదేననీ, ముదురాకులు దానికి ముందు లొంగుతాయనీ తర్వాతెప్పుడో చదువుకున్నాను. చిన్నప్పుడు తెలిసింది మాత్రం నాన్న కేక: "ఆ గదిలోకి వెళ్లారంటే కాళ్లు విరగ్గొడతా!" పొగ పోయినట్టు కనిపించినా లోపలికి రానిచ్చేవాడు కాదు.

పొగలేని ఇంట్లో అరటికాయలు ఎలా మగ్గుతున్నాయి?

"మీ ఇంట్లో హీటింగ్ దేనితో?"

"గ్యాస్ ఫర్నెస్ అక్కా."

"పాప ఎక్కడుంది?"

"ఇంట్లో, మా అత్తయ్య దగ్గర. మా ఆయన పని మీద వేరే ఊళ్లో ఉన్నారు. ఈ మధ్య బంగారుతల్లి అయిపోయింది. అస్సలు ఏడవదు, ఎంతసేపైనా నిద్రే."

కౌంటర్ మీద ఫోన్ ఎస్తేరు చేతిలో పెట్టి, పాపని తీసుకుని తక్షణం బయటికి రమ్మని చెప్పించాను. "ఈ మంచులోనా? మతుండే మాట్లాడుతున్నావా?" అన్న అత్తగారి కేక నాకే వినిపించింది. ఫోన్ లాక్కున్నాను.

"పెద్దమ్మగారూ, నేను మొక్కల షాపులో సుగుణని. ఇంట్లో విషవాయువు ఉన్నట్టుంది. పాపని దుప్పట్లో చుట్టి పక్కింటికెళ్లిపోండి. నన్ను తర్వాత తిట్టుకుందురుగాని."

"వాసనేం రావట్లేదే?"

"దానికి వాసనుండదండీ. మీకు తల తిరగట్లేదూ?"

"తిరుగుతోందమ్మా. వయసనుకున్నా."

ఫైర్ వాళ్లకి ఫోన్ చేసి, ఎస్తేరుని పక్కన కూర్చోబెట్టుకుని కారు నేనే నడిపాను. దారి పొడుగునా ఆ పిల్ల "ప్రభువా, ప్రభువా" అంటూనే ఉంది. మా దేవుళ్లని నేనూ వదల్లేదు. పక్కింటి మెట్లెక్కుతుండగానే లోపలి నుంచి పాప గుక్కపట్టి ఏడుపు.

"ఏడుస్తోందక్కా! ఏడుస్తోంది!" అంటూ ఎస్తేరు నవ్వుతూ, తనూ ఏడుస్తూ పరిగెత్తింది. అంత తీయని ఏడుపు నేను జన్మలో వినలేదు.

ఫైర్ వాళ్ల మీటరు ముల్లు చూసి వాళ్ల ముఖాలు మారిపోయాయి. ఫర్నెస్ ఉన్న చిన్న గది తలుపుకి గాలి ఆడటానికి జాలీ ఉంటుంది. అక్కడి నుంచి చలిగాలి వస్తోందని, గుంటూరు ఎండల్లో పుట్టి పెరిగిన పెద్దావిడ ఆ జాలీ నిండా పాత చీరలు కుక్కేసింది. గాలి అందక మంట సరిగా మండలేదు. ఆ మంటలోంచే మొక్కని బోడి చేసిన ఇథిలీనూ వచ్చింది, మనుషుల్ని నిద్రలోనే తీసుకుపోయే కార్బన్ మోనాక్సైడూ వచ్చింది. ఆస్పత్రిలో ముగ్గురికీ ఆక్సిజన్ పెట్టారు. దేవుడి దయ, ముగ్గురూ క్షేమంగా ఇంటికొచ్చారు.

ఆ రాలిన ఆకుల్ని తలచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. ముక్కు లేదు, నోరు లేదు. అయినా ఆ ఇంట్లో మనుషులెవరికీ తెలియని సంగతి ఆ మొక్కకి తెలిసింది, తనకున్న ఒక్క భాషలో చెబుతూనే ఉంది. ఇన్నేళ్లూ నేను మొక్కలకి వైద్యం చేస్తున్నాననుకున్నాను! మార్చిలో, నా దగ్గరే ఉండిపోయిన ఆ మొక్క బోడి కాండం మీద పచ్చటి చిగుళ్లు పొడుచుకొస్తే, దండం పెట్టాలనిపించి నిజంగానే పెట్టేశాను.

అప్పటి నుంచి పసుపు ఆకు పట్టుకుని ఎవరొచ్చినా, కుండీ ఎత్తే ముందు "ఇంట్లో అందరూ బాగున్నారా?" అని అడుగుతాను. మర్యాదకి అడుగుతున్నాననుకుంటారు. తెలిసినవాళ్లు కొత్త ఇంట్లో చేరితే పచ్చి అరటికాయలు పట్టుకెళ్తాను, రెండ్రోజులాగి ఫోన్ చేస్తాను. ఇప్పుడు గోడలకి ఆ విషవాయువుని పసిగట్టే అలారాలున్నాయి, నిజమే. నా చాదస్తం నాది.

ఆ ఏడాది మాత్రం, జాలీలో చీరలు తీసేసిన కొన్నాళ్లకి, నేను ఫోన్ చేసేలోపే ఎస్తేరు అత్తగారే చేశారు. "సుగుణమ్మా, మొన్న తెచ్చిన కాయలు ఇంకా పచ్చగానే ఉన్నాయి. బజ్జీలకి రా."