పాలారు అంచు తువ్వాలు

దేశం తలుపులు తెరిచిందని పేపర్లన్నీ రాస్తున్న ఆ రోజుల్లో నాకు తెరుచుకున్నది ఒకే ఒక్క తలుపు, వేలూరులోని ఒక కంప్యూటర్ సెంటరుది. చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్ళాలి. (కంప్యూటర్లకు దుమ్ము పడదట. మా పాదాలకు ఏసీ చలి పడదని ఎవరికీ తోచలేదు.) గుడియాత్తం నుంచి రోజూ బస్సులో వెళ్ళేదాన్ని. పాలారు వంతెన మీదికి రాగానే బస్సంతా ముక్కు మూసుకునేది. తోళ్ళ ఫ్యాక్టరీల నీళ్ళు కలిసి, మడుగుల్లో నురగ కట్టి, నది పేరుకే మిగిలింది. వంతెన దాటగానే అందరూ ముక్కు వదిలేసి మళ్ళీ కబుర్లలో పడేవాళ్ళు. చూస్తే నాకు ఒళ్ళు మండేది.

సెంటరు వార్షికోత్సవానికి తలా ఒక బొమ్మ కంప్యూటర్లో వేసి చూపించమన్నారు. మిగతావాళ్ళు గులాబీలూ జెండాలూ వేస్తే నేను పాలారు వేశాను. మౌసుతో గీత గీయడమంటే తడి సబ్బుతో సంతకం చేయడమే. అందుకని బొమ్మను పెద్దది చేసుకుని, గడి తర్వాత గడి రంగు నింపాను. నల్లటి నీళ్ళు, ఎర్రటి నురగ, వెల్లకిలా తేలే చేపల వరుస. చూసినవాళ్ళు సిగ్గుతో తల దించుకోవాలని నా పంతం.

ప్రింటు తీసి ముందుగా మా మేనమామకు చూపించాను. మామది చేనేత పని. పవర్‌లూమ్ సరుకు వచ్చిపడ్డాక ఆయన మగ్గం చాలా రోజులు ఊరికే ఉండేది. "మామా, ఇది సచ్చిపోయిన పాలారు" అన్నాను. మామ కాగితాన్ని వెలుతురుకు పట్టి చూశాడు. "రొంబ బాగుండాది పాపా! గడిగడిగా యేసినావే, అట్లే మగ్గానికి ఎక్కించొచ్చు. అంచుకు సూపర్! యాడ నేర్చినావు?"

"అంచు గాదు మామా, సావు!"

"శరి శరి, ఈడ పెట్టి పో."

వార్షికోత్సవానికి ముఖ్య అతిథి ఎవరనుకున్నారు? ఒక తోళ్ళ ఫ్యాక్టరీ యజమాని. (సెంటరుకు కుర్చీలిచ్చింది ఆయనే.) ఇంతకన్నా మంచి అవకాశం రాదని, గోడకు అంటించిన నా ఇంకో ప్రింటు ముందుకు ఆయన రాగానే నోరు తెరిచాను. అంతలో మామ వెనకనుంచి వచ్చి ఆయన భుజాన కొత్త తువ్వాలు కప్పాడు. అంచు పొడుగునా నా పాలారే! కానీ చేపలు మాత్రం బతికి, హాయిగా ఈదుతున్నాయి.

"మామా, చేపలు..." అన్నాను.

"కడుపు పైకి పెట్టి యేసినావు పాపా. నేను సరిచేసినాను."

అతిథి గోడ మీది బొమ్మ వైపు చూడనే లేదు. తువ్వాలు నిమిరి, పొంగలు పండక్కి తన పనివాళ్ళందరికీ ఇవే కావాలన్నాడు. మామ మొహం అలా వెలగడం చూసి ఎన్నాళ్ళయిందో. నది కోసం ఏడవాలా, మామ కోసం చప్పట్లు కొట్టాలా? చప్పట్లే కొట్టాను, పళ్ళు నూరుకుంటూ.

మగ్గం మళ్ళీ ఆడింది. నూలుకు రంగు అద్దకం పెరట్లోనే. ఒక సాయంత్రం బస్సు దిగి వస్తుంటే మా వీధి కాలవలో నల్లనీళ్ళూ ఎర్రనురగా కలిసి ఏటి వైపు పోతున్నాయి. "మామా, ఏంది ఇది!" అని అరిచాను. మామ రంగు చేతులతోనే పరుగెత్తుకొచ్చి, కాలవలోకి తొంగి చూసి, నిజంగా మురిసిపోయాడు. "అయ్యో పాపా! నీ బొమ్మలో ఎట్లుండాదో అట్లే వచ్చిండాది చూడు!"

ఇప్పుడు నేను పెద్ద తెరల మీద నదుల బొమ్మలే వేస్తున్నాను. జనం వచ్చి రంగులు బాగున్నాయంటారు. అవి ఏ నీళ్ళో చెప్పడం మొదలుపెడితే సగం మంది టీకి వెళ్ళిపోతారు. మిగిలినవాళ్ళకు చెబుతూ చెబుతూ గొంతు పెంచేస్తాను. మధ్యలో ఆగి, కళ్ళజోడు తుడుచుకుని, మళ్ళీ అందుకుంటాను. ఈ వయసులోనూ నాలో ఇంత చిరాకు మిగిలి ఉన్నందుకు ఒక్కోసారి నాకే ముచ్చటేస్తుంది.