గుండెకాయ టీచరు గీసిన మొహం

చేతిలో ఉన్న విద్య ఎక్కడికీ పోదంటారు. అలా అనేవాళ్లలో చేతిలో ఏ విద్యా లేనివాళ్లే ఎక్కువ. ఈ జీవశాస్త్రం టీచరుకి ఆ మాట చెప్పినవాడు లెక్కల మాస్టారు. స్టాఫ్ రూములో జవాబు పత్రాల కట్ట మీద మోచెయ్యి ఆనించి, "బొమ్మలెయ్యడం సైకిల్ లాంటిదండీ. ఒకసారి వచ్చిందంటే మర్చిపోం" అన్నాడు. ఆయనకి సైకిల్ తొక్కడం రాదు.

పిల్లలు ఆవిడకి పెట్టిన పేరు గుండెకాయ టీచరు. దయగల మనిషని కాదు. సుద్దముక్క ఎత్తకుండా, నాలుగు గదుల గుండెకాయని రక్తనాళాలతో సహా ఒకే గీతలో నల్లబల్ల మీదికి దించేస్తుంది. బెల్లు కొట్టగానే దాన్ని తుడిచేసి బయటికొస్తుంది. వెనక వచ్చే టీచరుకి బల్ల శుభ్రంగా అప్పగించాలన్నది హెడ్మాస్టరు పెట్టిన రూలు. డస్టరన్నది ఏ తరగతిలోనూ ఉండదు గనక ఎడమ అరచెయ్యే డస్టరు. అటొక ఊపు, ఇటొక ఊపు. ఆ చెయ్యి మణికట్టు దాకా ఎప్పుడూ తెల్లగానే ఉంటుంది.

ఉద్యోగంలో చేరకముందు ఆవిడ మనుషుల మొహాలు గీసేది, బొగ్గు కడ్డీతో. ఎదురుగా కూర్చున్న మనిషి దాచుకున్నది కూడా కాగితం మీద పడుతుందని అప్పట్లో చెప్పుకునేవాళ్లు. తర్వాత బడి వచ్చింది. యూనిట్ టెస్టులు, మార్కుల నమోదు, సెలవు పెట్టినవాళ్ల పీరియడ్లు, ఆదివారం స్పెషల్ క్లాసులు. బొగ్గు కడ్డీ ఎవరూ లాక్కోలేదు, గీయొద్దని ఎవరూ అనలేదు. సెలవుల్లో చూద్దాంలే అనుకుంది. సెలవుల్లో దిద్దాల్సిన పేపర్లుండేవి. అలా ఇరవై ఏళ్లు దాటిపోయాయి. దీనికి త్యాగమని పేరు పెట్టేవాళ్లుంటారు. త్యాగమూ కాదు, గాడిదగుడ్డూ కాదు. తీరిక లేదు, అంతే.

మళ్లీ బొగ్గు పట్టించింది తల్లి. కూతురి దగ్గరే ఉంటుంది. నోటికి మొదటినుంచీ పదునెక్కువ. కంటికీ ఉండేది, మొన్నమొన్నటిదాకా. ఇప్పుడు చూపు మధ్యలో మసక చేరింది. అంచుల్లో ఉన్నవి కనిపిస్తాయి, నడుమ ఉన్నది కనపడదు. కంటి డాక్టరు వివరించబోతే టీచరే వద్దంది. ఆ పాఠం ఆవిడ ఏటా చెప్పేదే. మసక పెరుగుతుంది గానీ తగ్గదు.

"అద్దంలో చూసుకుంటే జుట్టూ చెవులూ ఉంటున్నాయి, మొహం ఉండట్లేదే" అంది తల్లి ఒక రోజు. "నా మొహం గీసిపెట్టు. పెద్దగా గీయి. ఇంకా కాస్త చూపుంది కదా, తల అటూ ఇటూ తిప్పుకుని ముక్కముక్కలుగా అయినా చూసుకుంటాను."

"ఫొటో పెద్దది చేయిస్తానమ్మా."

"ఫొటోలో శవంలా ఉంటాను. నువ్వు గీస్తే నాలా ఉండేదాన్ని, చెవులు తప్ప. నీకు చెవులు ఏనాడూ కుదర్లేదు. చెప్పులు తెచ్చి అంటించినట్టుండేవి."

బడి నుంచి వచ్చాక రోజూ భోజనాల బల్ల మీద కాగితం పరిచి కూర్చునేది టీచరు. ఎదురుగా తల్లి. చెయ్యి కదిలేది కాదు. కదిలినా పాఠ్యపుస్తకంలో పటమే వచ్చేది. కన్ను గీస్తే కంటి నిలువుకోత వచ్చేది. ఒక సాయంత్రం ముక్కు కాస్త కుదిరిందనిపించింది. చూస్తుండగానే చెయ్యి ఆ ముక్కు నుంచి కుడివైపుకి తిన్నగా గీత లాగి, చివర 'ముక్కు' అని రాసేసింది. కాగితం ఉండచుట్టి పారేసింది.

"ఏమైందే?"

"భాగాలు గుర్తించానమ్మా."

"మార్కులెన్నొచ్చాయి?"

ఇద్దరూ నవ్వారు. ఆ రాత్రి తల్లి గ్లాసు పక్కన నీళ్లు పోసింది. టీచరు గుడ్డ తెచ్చి తుడిచింది.

ఒక ఆదివారం స్పెషల్ క్లాసులకి వెళ్తూ, ఇంట్లో తోడుండేవాళ్లు లేక తల్లిని కూడా బడికి తీసుకెళ్లింది. లేబొరేటరీలో కిటికీ వెలుగు పడేచోట కూర్చోబెట్టి క్లాసుకెళ్లింది. తిరిగొచ్చేసరికి తల్లి చిరాకుగా ఉంది.

"ఈ పక్కనున్నాయన ఎవరే? పలకరిస్తే పలకడు."

"అస్థిపంజరం అమ్మా."

"మీ హెడ్మాస్టరనుకున్నాను."

తర్వాతి గంట లెక్కల మాస్టారిది, టీచరుకి ఖాళీ. దిద్దాల్సిన పేపర్లు ఇంట్లో మర్చిపోయింది. సంచిలో డ్రాయింగ్ షీటు ఉంది, బొగ్గు ఉంది. ల్యాబు బల్లల మీద సీసాలు, మైక్రోస్కోపులు, చెయ్యి పెట్టే చోటు లేదు. సరే అని షీటుని నల్లబల్లకి టేపుతో అంటించి, నిలబడి గీత మొదలుపెట్టింది.

గీత వచ్చింది. ఇన్నాళ్లూ మణికట్టు దగ్గర బిగుసుకుపోయినది, భుజం దగ్గర్నుంచి జారుకుంటూ వచ్చింది. చెయ్యి గీయడం మర్చిపోలేదు, కూర్చుని గీయడం మర్చిపోయింది. ఇరవై ఏళ్లు నిలబడి గీసిన చెయ్యి కదా. నుదురు వచ్చింది. వెటకారం ఆడబోయే ముందు కాస్త ముందుకొచ్చే కింది పెదవి వచ్చింది. ఆ వెటకారం వెనక ఈ మధ్య చేరిన భయం, ఏదో కనపడుతుందేమోనని శూన్యంలోకి చూసే కళ్లు, అవీ వచ్చాయి. చివరికి చెవి కూడా కుదిరింది. టీచరు ఒకడుగు వెనక్కి వేసింది. కాగితం మీద అమ్మ ఉంది.

బెల్లు కొట్టారు.

ఎడమ చెయ్యి లేచింది. అటొక ఊపు. ఇటు ఊపు సగంలో ఆగింది.

అరచెయ్యి చూసుకుంది. తెల్లగా ఉండాల్సింది నల్లగా ఉంది. కాగితం మీద నుదుటి నుంచి గడ్డం దాకా మసి. చుట్టూ జుట్టు, ఒక పక్కన చెవి, కింద మెడ మిగిలాయి.

"అయిందా? ఏదీ!" అంటూ తల్లి లేచి వచ్చింది. బొమ్మ ముందు నిలబడి తల ఎడమకి తిప్పింది, కుడికి తిప్పింది, పైకెత్తింది, దించింది. చాలాసేపు అలాగే వెతుక్కుంది.

"చెవి కుదిరిందే" అంది చివరికి. "మొహమే... ఎటు తిరిగి చూసినా అక్కడ మసకే. ఇక అయిపోయిందన్నమాట నా చూపు."

"నీ చూపు కాదమ్మా. నేనే తుడిచేశాను. బెల్లు కొడితే చెయ్యి దానంతటదే..."

"ఊరుకోవే. నన్ను ఓదార్చడానికి ఇంత కథ అల్లాలా? గీసిన బొమ్మని ఎవరైనా తమ చేత్తో తుడుచుకుంటారా?"

"ఇదిగో నా చెయ్యి చూడు, నల్లగా ఉంది."

"నాకు అన్నీ నల్లగానే ఉన్నాయి" అంది తల్లి.

క్లాసులో పిల్లలు గోల మొదలుపెట్టారు. టీచరు వెళ్లి పాఠం చెప్పింది.

మళ్లీ గీస్తానంటే తల్లి కూర్చోనంది. "ఎవరు చూడాలని?" అంది. ఆ రోజు నుంచి దేన్నీ తల తిప్పి చూసే ప్రయత్నం చెయ్యలేదు. ఉన్న కాస్త చూపునీ వాడుకోవడం మానేసింది. బొమ్మని మాత్రం ముందుగదిలో పెట్టించింది.

ఇంటికొచ్చినవాళ్లకి అది చూపిస్తుంది. "మా అమ్మాయి గీసింది. నాకు కనపడదులే. నాలా ఉందా?"

మొదట వచ్చింది పక్కింటావిడ. మంచి మనిషి. మొహం ఉండాల్సిన చోట మసినీ, పక్కగదిలో పేపర్లు దిద్దుతున్న టీచర్నీ, గోడవైపు తిరిగి జవాబు కోసం కాచుక్కూచున్న ముసలావిడనీ చూసి, "అచ్చు గుద్దినట్టు మీరే పిన్నిగారూ" అంది.

"విన్నావటే?" తల్లి లోపలికి కేకేసింది. "నువ్వేమో తుడిచేశానంటావు!"

టీచరు ఎర్రపెన్ను మళ్లీ పేపరు మీద పెట్టింది. ముందున్న పేపర్లో ఎవరో పిల్ల కన్ను పటం గీసి, భాగాలన్నీ సరిగ్గా గుర్తించింది. టీచరు పూర్తి మార్కులు వేసి, తర్వాతి పేపరు తీసింది.