ఏడో మెట్టు

నా చిన్నప్పుడు మా ఒర్లియంపేట ఇంట్లో ఒక కుక్క ఉండేది. వాకిట్లోనే పడుండేది, ఎన్నడూ గడప దాటి లోపలికి వచ్చి ఎరగదు. మా అవ్వకు మడి. దాని తోక తగిలినా తలస్నానం చేసేది. అలాంటి మనిషి ఒక ఏడాది వానలకు ముందు, వాకిట్లోంచి మిద్దె మీదికి వెళ్లే మెట్ల మీద దానికి అన్నం పెట్టడం మొదలుపెట్టింది. తొలిరోజు మొదటి మెట్టు మీద, రెండు రోజులకు రెండో మెట్టు మీద. మెట్లంటే దానికి చచ్చేంత భయం. అయినా పెరుగన్నం ముద్ద కోసం ఎక్కేది.

నాకు అనుమానం వచ్చింది. "వానలు దిగేలోపల ఈ కుక్క సంగతి చూడాల" అని అవ్వ నాయనతో అనడం విన్నాను. మిద్దె గదిలో గోనెసంచీ, తాడూ కనిపించాయి. మా వీధిలో వద్దనుకున్న కుక్కల్ని సంచిలో వేసి ఎక్కడో ఊరవతల కాలాపేట దాకా తీసుకెళ్లి వదిలేసేవాళ్లు. ఇక చూడండి, అవ్వ నవ్వితే ఆ నవ్వెందుకా అని, పెరుగు ఎక్కువ కలిపితే ఇంత ప్రేమెందుకా అని కనిపెట్టి కూర్చున్నాను. అడగొచ్చుగా అంటారేమో. నిజం చెబుతుందన్న నమ్మకం ఉంటే కదా అడగడానికి. అనుమానం పెనుభూతమని ఊరికే అన్నారా.

కుక్క ఏడో మెట్టు దాకా వచ్చాక నేను రంగంలోకి దిగాను. ఎనిమిదో మెట్టు మీద ముద్ద పెట్టి అవ్వ లోపలికి వెళ్లగానే, ఆ ముద్ద తీసుకెళ్లి వాకిట్లోనే కుక్కకు పెట్టేసేదాన్ని. మెట్టు ఖాళీగా ఉండడం చూసి, కుక్క ఎక్కి తిన్నదనుకుని అవ్వ ఇంకో మెట్టు పైకి జరిగేది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

అంతలో తుపాను వచ్చింది. మధ్యాహ్నానికి వాకిట్లో నీళ్లు మోకాళ్లదాకా లేచాయి. నాయన అంగట్లో చిక్కుకుపోయాడు. అమ్మ చంకలో పసిబిడ్డ. అందరం మిద్దె ఎక్కాక అవ్వ ముద్ద చూపించి కుక్కను పిలిచింది. అది గబగబా ఏడు మెట్లెక్కి ఆగిపోయింది. ఎంత పిలిచినా కదల్లేదు. నీళ్లు నాలుగో మెట్టు ముంచి ఐదో మెట్టుకు వచ్చాయి. నేను ఏడుస్తూ చేసిందంతా చెప్పేశాను. గోనెసంచి దాని పక్క కోసమనీ, తాడు అది గాలికి బెదిరి దూకకుండా కట్టడానికనీ, ఒక డబ్బాలో దానికి వేరుగా నూకలు కూడా దాచిందనీ అప్పుడు అవ్వ చెబితే తెలిసింది.

అవ్వ మడిచీర ఎగదోపుకుని వానలోకి దిగింది. ఆ బురద కుక్కను రెండు చేతులా ఎత్తుకుని పైకి తెచ్చింది. సిగ్గుతో నా ప్రాణం సగం చచ్చింది.

"ఏంది అవ్వా ఇది అని ఒక మాట అడిగుంటే చెప్పుందును కదమ్మా," అంది. "నీళ్లు దిగినాక మిగతా మెట్లు నువ్వే నేర్పు."

నేర్పాను. ఇప్పటికీ వానలు రాకముందే మా కుక్కకు మిద్దె అలవాటు చేస్తాను. మనుషుల మీద అనుమానం మాత్రం పోలేదు, అది నా పుట్టుబుద్ధి. కాకపోతే ఇప్పుడు చెయ్యి పెట్టేముందు నోరు తెరిచి అడుగుతాను. నేను అడగని ఆ ఒక్క మాటకు, అవ్వ అన్నేళ్ల మడిని వానలో వదులుకుంది.