రాతిపిండి పెట్టిన కాలు

నేను చదివింది ఐదో తరగతే. ఇది రాయాలంటే భయంగా ఉంది. అయినా రాస్తున్నాను.

మా ఆయన తాడిపత్రిలో బండలు పాలిష్ పట్టే పనికి పోయేవాడు. అక్కడ ఎవరికి చేయి తెగినా, కాలు తెగినా ఒకటే మందు. మిషను కింద పేరుకున్న తడి రాతిపిండి తీసి గాయం మీద అదుముతారు. రక్తం ఆగుతుంది, పని ఆగదు. మా ఆయన పాదాన్ని బండ అంచు కోసినప్పుడు మేస్త్రీ అదే చేశాడు.

కొన్నాళ్లకే పాదం నల్లబడి కంపు కొట్టింది. పెద్దాసుపత్రిలో చేర్పించాం. డాక్టరు ఆ పిండి గోకి తీస్తుంటే ఆయన అరుపులకు వార్డంతా లేచి కూర్చుంది.

"చీము మడమ దాటకపోతే పాదం మిగులుతుంది. దాటితే మోకాలి కింద తీసేయాలి" అన్నాడు డాక్టరు.

పక్క మంచంలో కడుపు ఆపరేషనైన ముసలాయన ఉండేవాడు. ఆయన భార్య మాకు సంగట్లోకి ఊరిమిండి పచ్చడి పెట్టేది. ఒకరోజు నేను మా ఆయన చీము తుడిచి, అదే చేత్తో మా సంగటి విరిచి ముసలాయన పళ్లెంలో పెట్టాను. నర్సు చూసింది.

"చీము గుడ్డ పట్టిన చేత్తోనే పెడతావా? సబ్బుతో కడుక్కోమని ఎన్నిసార్లు చెప్పల్ల?"

"కొళాయిలో నీళ్లు రాలేదు సిస్టర్."

"నీళ్లు రాకుంటే ఎవర్నీ ముట్టుకోవద్దు!"

ముసలామె ఆ సంగటిని నా ముందే చెత్తబుట్టలో పడేసింది. "మా ఆయప్పను చంపాలనుకున్నావా? సిస్టరమ్మా, ఆ కుళ్లు కాలోన్ని ఈడ్నుంచి తీసేయండి" అని అరిచింది. మా మంచాన్ని వార్డు చివరికి లాగేశారు. అటు వచ్చేవాళ్లు కొంగుతో ముక్కు మూసుకునేవారు.

మేస్త్రీ చూడటానికొచ్చి దూరంగానే నిలబడ్డాడు.

"ఏమప్పా, ఇంత గీతకే పండుకుంటే ఎట్ల? నాకెన్నిసార్లు తెగలేదు! పిండి పెట్టుకొని పని చేసినా. నీ రక్తమే మంచిది కాదులే" అని నవ్వాడు.

మా ఆయన కూడా నవ్వాడు. కాలు నయమైతే మళ్లీ పనిలోకి పిలవాల్సింది ఆ మేస్త్రీయే కదా.

మరుసటి రోజు డాక్టరు దుప్పటి ఎత్తి చూశాడు. నలుపు మడమ దాటింది. కాలు తీసేశారు.

ఆపరేషన్ గది బయట ఆయా పసుపు కవరు మూతి కడుతోంది. మా అత్త అడ్డం పోయింది.

"నా కొడుకు కాలు మాకియ్యమ్మా, మట్టి చేసుకుంటాం."

"దాన్నిండా చీమే అవ్వా. ఎవరికీ ఇయ్యం. కాల్చేస్తారు. పక్కకు జరుగు."

ఆయనకు తెలివి రాగానే చేయి దుప్పటి కింద వెతికింది.

"నా కాలు యాడ పెట్టినారు?"

"మన చేన్లో పూడ్చినాంలే బిడ్డా" అంది అత్త.

ఆయన నా వైపు తిరిగాడు. "గుంత లోతుగా తీసినారా? కుక్కలు తవ్వుతాయి."

"లోతుగానే తీసినాం" అన్నాను.