నర్సక్క పట్టిన నత్తలు

నిన్న పొద్దున చెప్పుల్లేకుండా వంటింట్లోకి వెళ్లాను. కాలి కింద చల్లగా, జిగటగా ఏదో తగిలింది. చూస్తే గుల్ల లేని నత్త. ఒకప్పుడైతే వాడంతా వినపడేలా అరిచేదాన్ని. నిన్న మాత్రం కాలు కడుక్కుని, నర్సక్కను తలుచుకుని నవ్వుకున్నాను.

తెలుగు నేల సరిహద్దు దాటగానే వచ్చే కొంటా దగ్గరి పల్లెకు టీచరుగా వచ్చిన మొదటి వానాకాలం అది. మట్టి నేల ఇల్లు, అందులో నేనొక్కదాన్నే. తెల్లారేసరికి నీళ్ల బిందె చుట్టూ, రొట్టెల పీట మీద, చివరికి పిల్లల హాజరు పట్టీ మీద కూడా నత్తలే. విసిగిపోయి ఒకరోజు ఉప్పు పొట్లం విప్పి నేలంతా చల్లేశాను. కొన్ని చచ్చాయి గానీ, అలికిన నేల ఉప్పు పీల్చుకుని వారమైనా ఆరలేదు. ఆ చెమ్మకు ఇంకా ఎక్కువ వచ్చాయి. ఇక నా వల్ల కాదనుకుని బదిలీకి, ఇక్కడ ఆవేదన్ అనే దరఖాస్తు రాసి, హెడ్మాస్టరు గారికి కబురు పెట్టాను.

పక్కింటి నర్సక్క కూలికి పోతూ గుమ్మంలోంచి తొంగి చూసింది.

“ఏంది పంతులమ్మా, ఇంట్ల సముద్రం పెట్టుకున్నవా?”

“నత్తలకని ఉప్పు చల్లానక్కా.”

“మట్టి నేలకు ఉప్పేస్తే ఆరుతదా? తడి ఉంటే అవి పోతయా? బిందె తీసి పీట మీద పెట్టు. పొద్దుమీకి నేనొస్త.”

అన్నట్టే సాయంత్రం వచ్చింది. ఇప్పసారా కాచగా మిగిలిన పువ్వు మడ్డిని మూకుడులో తెచ్చి, గోడవారన పెట్టి, తడి గోనెసంచి కప్పింది. గోడల వెంట బూడిద పోసింది. చేతులు ఆడుతున్నంతసేపూ ఆమె నోరు ఊరుకోదు. నన్ను తెలుగులో ఆటపట్టిస్తూనే, గడప దాటబోయిన మేకను తమ దోర్లీ భాషలో తిట్టిపోసింది.

మర్నాడు పొద్దున్నే, ఆమె సంచి తీయడానికి వచ్చిన వేళకే హెడ్మాస్టరు గారూ వచ్చారు. గుమ్మంలోనే ఆగి ముక్కు ఎగబీల్చారు.

“ఏమిటమ్మా ఈ వాసన?”

నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఆడపిల్ల, కొత్త టీచరు, ఇంట్లో సారా వాసన. బదిలీ సంగతి అటుంచి నా పరువేం కావాలి? నర్సక్క తాపీగా సంచి ఎత్తింది. మూకుడు నిండా నత్తలు ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి.

“తాగింది పంతులమ్మ కాదు సార్. ఇగో, వీళ్లు.”

ఆయన పొట్ట పట్టుకుని నవ్వారు. నర్సక్క వాటిని మోదుగాకులో ఎత్తి బాతులకు వేసి వచ్చింది. అప్పటికి ఆయన బదిలీ కాగితం అడుగుతున్నారు. వానలు పోయాక ఇస్తానన్నాను.

ఆయన వెళ్లాక నర్సక్క నవ్వలేదు.

“పోదామనుకున్నవా?”

“నత్తలంటే భయమేసిందక్కా.”

“నత్తలకు కాదు. పిలిస్తే పలికే మనిషి లేదని భయపడ్డవ్. గోడకివతలే ఉన్న గద, ఒక్కసారన్న పిలవకపోతివి.”

ఆ మాటకు నాకు ఏడుపు ఆగలేదు. అది నిజమని నాకూ అప్పుడే తెలిసింది. ఆ రోజు నుంచి సాయంత్రం పూట ఆమె మా ఇంట్లోనో, నేను వాళ్లింట్లోనో. వానలు పోయాయి, మళ్లీ ఎన్నో వానలొచ్చాయి, నేనిక్కడే ఉండిపోయాను.

నర్సక్క పోయి రెండేళ్లయింది. ఇప్పుడు మా బడికి కొత్త టీచరు ఎవరొచ్చినా, వాళ్లు పిలిచేదాకా నేను ఆగను. మొదటి సాయంత్రమే వెళ్లి వాళ్ల వంటింట్లో కూర్చుంటాను.